ముక్కుకు స్నానం

మా తాతగారికి రోజూ తెల్లవారుజామున గౌతమిలో స్నానం చేయటం అలవాటు. మొలలోతు నీటిలో నిలబడి, చిన్న రాగిచెంబుతో నీళ్ళు తీసుకుని, ఒక ముక్కుతో పీల్చి రెండవ ముక్కుతో వదిలేవారు. "అందుకేరా, పడిశం నా జోలికి రాదు!" అనేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకనాడు ఆయన అటు తిరిగి ఉండగా చూచి నేనూ దోసిటితో నీళ్ళు పీల్చాను. నుదుటిలో ఎవరో కారం కూరినట్టయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతూ గట్టుకు పరుగెత్తాను. తాతగారు కడుపుబ్బ నవ్వారు.

ఆ రాగిచెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. నా చేత ఒక పెద్ద పొరపాటు చేయించబోయింది కూడా అదే.

మా మనవడు ఆరవ తరగతి చదువుతున్నాడు. సార్వా కోతలై కుప్పనూర్పులు మొదలైనవంటే చాలు, వాడికి తుమ్ములు ఆరంభం. ఒకటి కాదు, రెండు కాదు, వరుసగా పదీ పన్నెండూ! ముక్కు దిబ్బడ వేసి రాత్రంతా నోటితో గాలి పీలుస్తాడు. పొద్దున బడిలో కునికిపాట్లు. ఇది జలుబు కాదు, ఎలర్జీ. నూర్పిడి ధూళి, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్కల పుప్పొడి, వానాకాలంలో గోడలకు పట్టే బూజు, పరుపులలో ఉండే కంటికి కనబడని ధూళిపురుగులు, వీటివల్ల చాలామందికి ఏమీ కాదు. కాని కొందరి శరీరం వాటిని శత్రువులని పొరపడి యుద్ధానికి దిగుతుంది. ముక్కు లోపలి పొర వాచిపోతుంది, నీరు కారుతుంది.

వాడి అవస్థ చూడలేక ఒకనాటి సాయంత్రం నేను రాగిచెంబు తోమి, మేడమీది ట్యాంకు నీళ్ళు పట్టాను. "ఒరేయ్ అబ్బాయ్, ఇలా రా! మా తాతగారి వైద్యం చేస్తాను" అన్నాను.

"ముక్కులో నీళ్ళా! వద్దు తాతయ్యా!" అని వాడు వాళ్ళ అమ్మ వెనక దాక్కున్నాడు. మా కోడలు, "రేపు ఎలాగూ రాజమండ్రి వెళుతున్నాం గదండీ, డాక్టరుగారిని అడిగి చేద్దాం" అన్నది. ఆమె మాట విన్నాను. వినకపోతే ఏమయి ఉండేదో తరువాత తెలిసింది.

డాక్టరుగారు ముక్కు, చెవి, గొంతు వైద్యులు. నేను ఉపాధ్యాయుడినని తెలిసి, మామూలు కంటే కొంచెం ఎక్కువగానే పాఠం చెప్పారు. ఆ పాఠమే మీకు చెబుతున్నాను.

మన ముఖపు ఎముకలలో గాలితో నిండిన గదులు నాలుగు జతలు ఉన్నవి. బుగ్గల వెనుక ఒక జత, కనుబొమల పైన ఒక జత, కళ్ళ నడుమ ఒక జత, వాటికి బాగా వెనుక మరొక జత. వీటినే సైనసులు అంటారు. వీటి లోపల పలుచటి జిగురు ఊరుతూ ఉంటుంది. ఆ జిగురుకు దుమ్మూ, క్రిములూ అంటుకుంటవి. శైలికలనే అతి సన్నని వెంట్రుకలు సెకనుకు పది సార్లకు పైగా ఊగుతూ, ఆ జిగురును గొంతువైపు నెడుతూ ఉంటవి. మనం తెలియకుండానే దానిని మింగేస్తాం.

చిత్రమేమంటే, బుగ్గల వెనుక గదికి తూము అడుగున లేదు, పైభాగాన ఉన్నది! చెరువుకు తూము గట్టు మీద పెట్టినట్టు. మన డెల్టాలో ఏ కాలువ ఇంజనీరూ ఇటువంటి పని చేయడు. అందుచేత శైలికలు ఏతంతో నీళ్ళు తోడినట్టు జిగురును పైకి ఎక్కించవలసి వస్తుంది. ముక్కు పొర వాస్తే ఆ తూము కాస్తా మూసుకుపోతుంది. జిగురు లోపల నిలిచి చిక్కబడుతుంది. నుదురూ బుగ్గలూ బరువెక్కుతవి. ముక్కు కడిగితే ఆ నీరు గదులలోకి పెద్దగా పోదు. తూము ముందు పేరుకున్న చెత్తను, పుప్పొడిని తీసుకుపోతుంది, అంతే. దారి తెరుచుకుంటే గదులు తమ పని తామే చేసుకుంటవి.

"మరి నాకు అంత మంట ఎందుకు పుట్టిందండీ?" అని అడిగాను.

"మీ ఇంట్లో మాగాయ పెడతారా?" అన్నారాయన. మామిడిముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది గదా! బయట ఉప్పు ఎక్కువైతే ముక్కలోని నీరు బయటికి వస్తుంది. ఎండుద్రాక్షను మంచినీళ్ళలో వేస్తే ఇందుకు ఎదురు: నీరు లోపలికి పోయి ద్రాక్ష ఉబ్బుతుంది. మన రక్తంలో, కన్నీటిలో కొంత ఉప్పు ఉన్నది. ఉప్పు లేని నీరు ముక్కుకు తగిలితే అక్కడి కణాలు ఆ ద్రాక్షలాగా ఉబ్బి మంట పుడుతుంది. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటే కణాలకు ఏ బాధా ఉండదు.

తరువాత నేను రాగిచెంబు సంగతీ, ట్యాంకు నీళ్ళ సంగతీ చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

వెచ్చటి మంచినీటిలో, చెరువులలో, కాలువలలో, శుభ్రం చేయని ట్యాంకులలో, నీగ్లేరియా ఫౌలెరీ అనే ఒక అమీబా ఉండవచ్చు. ఆ నీరు తాగితే ఈ జబ్బు రాదు. ముక్కులోకి పోతే మాత్రం, వాసన తెలిపే నరం వెంట అది మెదడుకు చేరుతుంది. జబ్బు బహు అరుదు, కాని వచ్చినవారిలో బతికేవారు కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు కుళాయి నీటితో ముక్కు కడుగుకుని ఈ జబ్బుతో చనిపోయారు. కేరళలో 2024లోనూ, 2025లోనూ మెదడుకు పట్టే అమీబా జబ్బులు పలువురికి వచ్చినవి.

"మీ తాతగారికి ఏమీ కాలేదు గదా, తాతయ్యా?" అన్నాడు మనవడు.

"చూడకుండా రోడ్డు దాటిన ప్రతివాడికీ లారీ తగలదు. అయినా మీ అమ్మ చెయ్యి పట్టుకునే గదా దాటిస్తుంది!" అన్నారు డాక్టరుగారు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగే పద్ధతి ఇది. మా కోడలు నీళ్ళను తెర్లనిచ్చి, మూడు నుంచి ఐదు నిమిషాలు కాగనిచ్చి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లారనిస్తుంది. అందులో మందుల షాపులో అమ్మే ఉప్పు పొట్లం, దానిమీద రాసిన కొలత ప్రకారం కలుపుతుంది. వంటింటి ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడీ ఉంటవి. కొందరికి అవి మంట పుట్టిస్తవి. కలిపిన నీరు మిగిలితే మరునాటికి ఉంచదు. మనవడు చేతులు కడుగుకుని, తొట్టిమీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే గాలి పీలుస్తాడు. పై ముక్కులో సన్నగా పోసిన నీరు క్రింది ముక్కునుంచి కారిపోతుంది. తరువాత రెండవ వైపు. ఆఖరున మెల్లగా చీదుతాడు. గట్టిగా చీదితే నీరు చెవివైపు పోతుంది. పాత్రను కడిగి పూర్తిగా ఆరబెడతారు.

పిల్లలూ, ఇది మీరు ఒంటరిగా చేసే పని కాదు. పెద్దవాళ్ళు డాక్టరును అడిగి, దగ్గరుండి చేయించాలి. చెవిపోటు ఉన్నా, ముక్కు బొత్తిగా మూసుకుపోయినా, ముక్కునుంచి రక్తం వస్తున్నా చేయనే కూడదు.

ఇదేమీ సర్వరోగ నివారిణి కాదు. ఈ విషయమై జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూచిన కాక్రేన్ పరిశీలకులు 2018లో, ఎలర్జీ బాధ కొంత తగ్గవచ్చునన్నారు. ఆధారాలు ఇంకా గట్టివి కావని కూడా అన్నారు. మా వాడికి తుమ్ములు పూర్తిగా పోలేదు. డాక్టరుగారిచ్చిన మందు కూడా వాడుతున్నాడు. కాని రాత్రిళ్ళు నోరు మూసుకుని నిద్రపోతున్నాడు.

తాతగారి రాగిచెంబుతో ఇప్పుడు తులసికోటకు నీళ్ళు పోస్తున్నాం.