ఇంట్లో సివిక్స్ పాఠం

పదో తరగతిలో సోషల్ అనే పుస్తకం ఉంది. అందులో ఒక భాగం సివిక్స్. తెలుగులో పౌరశాస్త్రం అంటారు. పేరు పెద్దదే గాని విషయం మనకు తెలిసినదే. ఊరిని ఎవరు నడుపుతారు? దేశాన్ని ఎవరు నడుపుతారు? వాళ్లను ఎవరు ఎన్నుకుంటారు? చట్టం ఎక్కడ చేస్తారు? అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి పోవాలి? సివిక్స్ అంటే ఇదే. పిల్లలు మాత్రం దీన్ని బట్టీ పడతారు. పరీక్ష రాస్తారు. మర్చిపోతారు.

బడి మానేసిన ఆడపిల్లలు ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పది కడుతున్నారు. 14 ఏళ్లు నిండితే చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. తల్లీ కూతురూ ఒకేసారి కట్టినా కాదనేవాళ్లు లేరు. కాని స్టడీ సెంటరు దూరం. రోజూ పోవడం కుదరదు. ఇంట్లోనే చదవాలి. ఇంట్లో చెప్పేదెవరు? తల్లికి రాయడం, చదవడం ఈమధ్యే వచ్చింది. "నాకేం తెలుసు, నేనేం చెప్తాను" అని వెనక్కి తగ్గుతుంది.

వెనక్కి తగ్గక్కర్లేదు. పాఠం చెప్పే పని వీడియో చేస్తుంది. తల్లి పని వేరే ఉంది.

టీవీలో పాఠాలు రావడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఒక ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లలో చూశారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరంతటికీ ఒకటే టీవీ. అందరూ దాని ముందే కూర్చునేవాళ్లు. తర్వాత 2020లో కరోనా వచ్చి బళ్లు మూసేశారు. అప్పుడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు చెప్పారు. ఇప్పుడు ఆ పాఠాలు ఫోనులోకి వచ్చాయి. చాలా బడి పుస్తకాల్లో నల్లచుక్కలతో ఒక చదరపు గుర్తు ఉంటుంది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. దీక్ష అనే యాప్ తెరిచి ఫోనును ఆ గుర్తుకు చూపిస్తే, దానికి సంబంధించిన పాఠం వస్తుంది. ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా చూడవచ్చు.

చాలా ఇళ్లలో ఫోను మగవాళ్ల జేబులో ఉంటుంది. రాత్రికి గాని ఇంటికి రాదు. రోజూ ఒక అరగంట ఫోను చదువుకునే పిల్లదని ముందే మాట తీసుకోవాలి. పాఠం కన్నా ఇదే కష్టం.

ఇక తల్లి పని ఏమిటి? ఆపడం, అడగడం. వీడియో ఆగకుండా పోతూనే ఉంటుంది. చూసేవాళ్లకు అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఫోను పక్కన పెట్టి చెప్పమంటే నోట మాట రాదు. అందుకని ఐదారు నిమిషాలకు ఒకసారి ఆపాలి. "ఇప్పుడేం చెప్పారు? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అని అడగాలి. తల్లికి జవాబు తెలియనక్కర్లేదు. తెలియకపోతేనే మంచిది. నిజంగా తెలుసుకోవాలని అడుగుతుంది. పిల్ల కూడా విడమరిచి చెబుతుంది. చెప్పలేకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూస్తారు. చివరకు పుస్తకం మూసి, నోటుబుక్కులో నాలుగు మాటలు సొంతంగా రాయాలి.

ఒక పాఠం తీసుకుందాం. అధికారాలను మూడు జాబితాలుగా పంచారని రాజ్యాంగంలో ఉంది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. ఇది పరీక్షలో తరచుగా అడిగే ప్రశ్న. పిల్ల వరసగా అప్పజెబుతుంది. ఎందుకో మాత్రం తెలియదు. తల్లి ఇలా అడగవచ్చు. "మనింటికి ఉత్తరం తెచ్చే పోస్ట్‌మాన్ ఎవరి మనిషి?" కేంద్రం మనిషి. పోస్టు, రైలు, సైన్యం, రూపాయి నోటు కేంద్రానివి. అవి ఊరికొక తీరుగా ఉంటే నడవవు. మన నోటు కాశీలో కూడా చెల్లాలి కదా. "మరి స్టేషన్లో పోలీసు?" రాష్ట్రం మనిషి. పోలీసు, వ్యవసాయం, ప్రజల ఆరోగ్యం, పంచాయతీలు రాష్ట్రానివి. "బడి ఎవరిది?" ఇక్కడే పిల్ల తడబడుతుంది. మొదట్లో చదువు రాష్ట్రం చేతిలోనే ఉండేది. 1976లో రాజ్యాంగాన్ని సవరించి చదువునూ అడవులనూ ఉమ్మడి జాబితాలో పెట్టారు. పెళ్లి, విడాకుల చట్టాలూ అందులోవే. ఉమ్మడి విషయంలో ఇద్దరూ చట్టం చేయవచ్చు. రెండు చట్టాలకూ పొసగకపోతే మామూలుగా కేంద్రం మాటే చెల్లుతుంది. ఉమ్మడి కాపురంలో పెద్దాయన మాట చెల్లినట్టే అనుకోండి, అది మంచయినా చెడయినా.

ఇంకొక చిక్కు లోక్‌సభ, రాజ్యసభ. లోక్‌సభకు ఐదేళ్లకోసారి ఎన్నికలొస్తాయి. అందరూ మళ్లీ గెలిచి రావలసిందే. రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు. ఒక్కొక్కరికి ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. వాళ్ల చోట కొత్తవాళ్లు వస్తారు. బియ్యం డబ్బా అడుగంటకముందే కొత్త బియ్యం పోస్తాం. ఇదీ అంతే.

పంచాయతీ పాఠానికి వీడియో అంతగా అక్కర్లేదు. తల్లికే ఎక్కువ తెలుసు. కుళాయి, వీధి దీపం, మురుగు కాలువ ఎవరి పని? ఇంటిపన్ను రసీదు ఎవరిస్తారు? ఆ రసీదు తీసి పిల్ల ముందు పెడితే సగం పాఠం అయిపోయినట్టే. సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. పంచాయతీలకు రాజ్యాంగంలో గట్టి చోటిచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు ఇవ్వాలని అందులో ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు దాన్ని సగం చేశాయి. తెలంగాణ 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. పిల్లను అక్కడికి తీసుకుపోవాలి. ఎవరు లేచి అడుగుతున్నారో, ఎవరు నోరు మూయిస్తున్నారో చూస్తుంది. ఏ వీడియోలోనూ అది చూపించరు.

వీడియోతో ఒక ప్రమాదం ఉంది. అది ఏ ఏడు తీసినదో ముందు చూడాలి. పాత పాఠంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 294 సీట్లు, లోక్‌సభకు 42 సీట్లు అని చెబుతారు. అప్పటికి అది నిజమే. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు 175, తెలంగాణకు 119. కలిపి చూడండి, 294 వస్తుంది. లోక్‌సభ సీట్లూ అంతే, 25, 17. పాత లెక్క రాస్తే మార్కు పోతుంది. అసలు పాఠం పేరుతో ఏదో ఒక పార్టీని పొగిడే వీడియోలు కూడా వస్తుంటాయి. పుస్తకంలో లేని మాట వీడియోలో వినబడితే, ఇంకోచోట కూడా వెతికి చూశాకే నమ్మాలి.

ఓటు పాఠం దగ్గర కాసేపు ఆగాలి. మన దేశంలో మొదటి ఎన్నికలు 1951-52లో జరిగాయి. ఆడా మగా అందరికీ ఓటుంది. జాబితా రాయడానికి ఇంటింటికీ పోయారు. ఉత్తరాదిలో ఎందరో ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి తల్లిని అన్నారు. అలా రాసుకోవడానికి కుదరదన్నారు ఎన్నికల అధికారులు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి తీసేశారు. ఓటు చట్టంలో ఉంది. చేతికి మాత్రం రాలేదు. రాత్రి బడిలో మొట్టమొదట సొంత పేరు ఎందుకు రాయిస్తారో ఈ పాఠం చదివిన కూతురికి తల్లి చెప్పగలదు.

అప్పట్లో ఓటు వయసు 21. 1989లో 18 చేశారు. ఏడాదిలో నాలుగు తేదీలున్నాయి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. వీటిలో ఏ తేదీకి 18 నిండినా పేరు ఎక్కించుకోవచ్చు. 17 దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాన్ని ఫారం 6 అంటారు. ఊళ్లో ఓటర్ల లిస్టు చూసే బూత్ అధికారి ఉంటారు. చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరో, బడి పంతులో ఆ పని చేస్తారు. ఫారం అడిగి తెచ్చుకుని పిల్లే నింపాలి. తల్లి పక్కన కూర్చుని పేరులో అక్షరాలు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు ఒక్కొక్కటిగా చదివి సరిచూడాలి. ఆధార్ కార్డులో ఒకలాగా, ఇక్కడ ఇంకోలాగా ఉంటే తర్వాత తిరగలేక చావాలి.