ప్రవాళము – జాతి నిర్ణయము

రసశాస్త్రమున ప్రవాళమునకు ప్రముఖ స్థానము కలదు. శోధించి పుటము వేసిన ప్రవాళ భస్మమును, పన్నీటితో నూరిన ప్రవాళ పిష్టిని ఆమ్లపిత్తము, కాస మొదలగు వ్యాధులయందు వైద్యులు వాడుచున్నారు. తిరుమలగిరిలో మా ఇరుగుపొరుగు గృహిణులు నన్ను తరచు అడుగు ప్రశ్న ఒకటే: "అంగడివారు ఎఱ్ఱని కొమ్మను చూపి పగడమే అనుచున్నారు, నమ్మవచ్చునా?"

పగడము రాయి కాదు. సముద్రములో గుంపులుగా నివసించు చిన్న ప్రాణులు నిర్మించుకొను గట్టి గూడు. ఎఱ్ఱ పగడములలో ప్రసిద్ధమైనది మధ్యధరా సముద్రపు 'కొరాలియం రుబ్రం'. దాని దాయాదులు జపాన్, తైవాన్ సముద్రములలో కలవు. వెదురు పగడమునకు రంగు వేసి అమ్ముటయు కలదు.

వీటన్నిటిలోను ప్రధాన ద్రవ్యము కాల్షియం కార్బొనేటే. నిమ్మరసపు చుక్క వేసిన పగడము నురుగును. సుద్ద, గవ్వ కూడ అట్లే నురుగును. గోళ్ళరంగు తుడుచు ద్రవముతో తడిపిన దూదికి ఎఱ్ఱదనము అంటినచో అది పూసిన రంగు. అట్టి పరీక్షకు వాడిన ముక్కను ఔషధమునకు వాడరాదు. రంగు అంటకున్నను జాతి యేదో తెలియదు.

ఇచట జన్యుశాస్త్రము తోడ్పడును. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ 2003లో మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువు ఆధారముగా జంతుజాతులను గుర్తించు విధానమును ప్రకటించిరి. పగడముల విషయమున మైటోకాండ్రియా మార్గము అంత సులభము కాదు. వాటి మైటోకాండ్రియా జన్యువులు మిక్కిలి మెల్లగా మారును. అన్నదమ్ముల బిడ్డలను ఇంటిపేరుతో వేరుపరుపలేము గదా! అందుచే ఎఱ్ఱ పగడము వంటి వాటికే ప్రత్యేకమైన 'మట్-ఎస్' జన్యువును, కేంద్రకములోని ఇతర సూచికలను కలిపి పరిశీలింతురు. నగలలోని పగడము నుండి కొన్ని మిల్లీగ్రాముల పొడి తీసి జాతిని గుర్తించు విధానమును స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి.

పాఠకులు ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. పుటపు అగ్నిలో డి.ఎన్.ఏ. నశించును. భస్మమైన పిదప జాతిని ఏ జన్యు సూచికయు చెప్పజాలదు. కనుక పరీక్ష పచ్చి కొమ్మయందే, పుటమునకు ముందే జరుగవలెను.

చట్టమునకును ఇది అవసరము. పసిఫిక్ సముద్రపు నాలుగు పగడపు జాతులను చైనా కోరికపై 2008లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు మూడవ అనుబంధమున చేర్చిరి. కొరాలియం రుబ్రం అందులో లేదు. మన దేశమున ప్రవాళ దిబ్బలను నిర్మించు పగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. మన్నారు సింధుశాఖ నుండియో, అండమాను నుండియో ముక్కలు ఏరి తెచ్చుట నేరము.

కావున విడి కొమ్మలు కొని ఇంట భస్మము చేయ ప్రయత్నింపవలదు. లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య గల ఔషధమునే, వైద్యుని సలహాపై సేవింపవలెను. కేవలము కాల్షియము కొరకైనచో రాగులు, నువ్వులు, పెరుగు మన వంటింటనే కలవు.