నీళ్ల మీద పెద్దల పండుగ

తెలంగాణలో పెత్తర అమావాస్య నాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తారు. సాయంత్రం అదే ఇంట్లో ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు. పోయినవాళ్లను తలుచుకోవడం, పూలతో ఆడుకోవడం ఒకే రోజున జరిగినా మనకు వింతగా ఉండదు. భూగోళానికి అవతలి వైపున ఉన్న మెక్సికో వాళ్లకూ అది వింత కాదు. వాళ్ల పెద్దల పండుగ పేరు 'దియా దె ముయెర్తోస్', అంటే మృతుల దినం. పోయిన పిల్లలను ఏటా నవంబరు 1న, పెద్దలను 2న ఇంటికి పిలుచుకుంటారు. ఆ రోజుల్లో మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కోలో పొద్దు వాలాక పడవ ఎక్కితే పూలు, దీపాలు, పాటలు, కథలు అన్నీ నీళ్ల మీదే ఎదురవుతాయి. ఆ పడవ దారిలోని విశేషాలివి.

పూలచేను అనే ఊరు

ఒకప్పుడు ఇక్కడ ఏలిన అజ్టెక్‌ల భాష నావాత్ల్‌లో సోచిమిల్కో అంటే పూలు పండే చేను. గోదావరి ఒడ్డున కడియపులంక పేరు చెబితే మనకు మొక్కలూ పూలూ గుర్తొచ్చినట్టే, మెక్సికో నగరవాసులకు ఈ పేరు చెబితే పూలు గుర్తొస్తాయి. ఇక్కడ సుమారు 170 కిలోమీటర్ల కాలువలు మిగిలి ఉన్నాయి. ఒకప్పుడు మెక్సికో నగరం ఉన్న లోయంతా పరుచుకున్న సరస్సుల్లో మిగిలిన ముక్క ఇది. 1987లో యునెస్కో మెక్సికో నగరపు పాత పేటనూ సోచిమిల్కోనూ కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మనుషులు కట్టుకున్న లంకలు

కాలువలకు అటూ ఇటూ కనిపించే తోటలను 'చినాంపా'లు అంటారు. తేలే తోటలని వీటికి పేరు పడింది కానీ ఇవి తేలవు. లోతు తక్కువ ఉన్న చోట కలుపు మొక్కలు, రెల్లు పొరలుపొరలుగా పేర్చి, వాటి మీద సరస్సు అడుగు బురద పోసి కట్టిన లంకలివి. గట్టు జారిపోకుండా చుట్టూ 'అవెహోతె' అనే నీటి చెట్లు నాటుతారు. వాటి వేర్లే మట్టిని పట్టి ఉంచుతాయి.

నారు పోసే పద్ధతి ఇంకా ముచ్చటైనది. కాలువ అడుగు నుంచి తీసిన మెత్తని బురదను మడిలా పరిచి, కాస్త ఆరాక కత్తితో చదరపు ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో ఒక్కో గింజ పెడతారు. మొలక ఎదిగాక ఆ ముక్కను మట్టితో సహా తీసి చేనులో నాటితే వేరు కదలదు. తడి ఎప్పుడూ ఉంటుంది, ఎరువు కాలువే ఇస్తుంది. అందుకే ఏడాదిలో ఒకే నేల మీద పంట తర్వాత పంట తీయగలిగారు. స్పెయిన్ వాళ్లు రాకముందు అజ్టెక్‌ల రాజధాని తెనోచ్తిత్లాన్‌కు కూడు పెట్టింది ఈ లంకలే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, టమాటా, మిరప ఇక్కడి పాత పంటలు. మనం పచ్చడి నూరే మిరపకాయకు పుట్టిల్లు మెక్సికోయే.

గెడ వేసే పడవ

ఇక్కడి పడవను 'ట్రాహినేరా' అంటారు. సరుకు ఒక చోటి నుంచి మరో చోటికి మోయడం అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి వచ్చిన పేరది. అడుగు చదునుగా ఉంటుంది. వెనక నిలబడిన మనిషి పొడవాటి గెడను కాలువ అడుగున ఆనించి పడవను నెడతాడు. ఇవే పడవలు ఒకప్పుడు కూరగాయలు, పూలు నింపుకుని లా విగా కాలువ మీదుగా నగరం నడిబొడ్డున ఉన్న అంగళ్ల దాకా వెళ్లేవి. ఆ కాలువను తర్వాత పూడ్చి రోడ్డు వేశారు.

పడవ ముందు రంగురంగుల తోరణం ఉంటుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఒక పేరు, ఎక్కువగా ఆడవాళ్ల పేరు, రాసి ఉంటుంది. ఇప్పుడు చెక్క మీద రంగులు వేస్తున్నారు. పూర్వం ఆ తోరణాన్ని నిజమైన పూలతోనే అల్లేవారు. అద్దె మనిషికి ఇంత అని కాదు, పడవకు గంటకు ఇంత అని ఉంటుంది.

వంట పడవ, పాట పడవ

కాలువ మధ్యలో ఆకలేస్తే ఒడ్డుకు పోనక్కర్లేదు. చిన్న పడవలో పొయ్యి పెట్టుకుని వంట చేసేవాళ్లు మన పడవ పక్కకే వస్తారు. మొక్కజొన్న పొత్తులు, జొన్నరొట్టెలాంటి తోర్తియాలో జున్ను మడిచి కాల్చిన కెసదీయాలు వేడివేడిగా అందిస్తారు. ఇంకో పడవలో మరియాచీ వాద్యగాళ్లు వస్తారు. పాటకు ఇంత అని ఇచ్చుకుంటే, వాళ్ల పడవను మన పడవ పక్కనే నడుపుతూ పాడతారు.

బంతిపువ్వు పుట్టిల్లు

పండుగ వారాల్లో చినాంపాలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు తెచ్చే పువ్వును వాళ్లు 'సెంపసూచిల్' అంటారు. నావాత్ల్‌లో సెంపోవాల్లి అంటే ఇరవై, షోచిత్ల్ అంటే పువ్వు. అజ్టెక్‌లు ఇరవైల లెక్కన లెక్కపెట్టేవారు కాబట్టి ఆ మాటకు లెక్కలేనన్ని రేకుల పువ్వు అనే భావం వచ్చింది. ఈ పూల రంగు, వాసన పోయినవాళ్లకు ఇంటి దారి చూపిస్తాయని వాళ్ల నమ్మకం. అందుకే వీధి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి పీఠం దాకా రేకులు చల్లుతారు.

ఈ సెంపసూచిల్ మనకు పరాయిది కాదు. మన బంతిపువ్వే. దసరాకు గుమ్మానికి కట్టే తోరణంలో, బతుకమ్మలో, సంక్రాంతి గొబ్బెమ్మల మీద ఉండే పువ్వే. వృక్షశాస్త్రంలో దాని పేరు టాజెటిస్ ఎరెక్టా, స్వస్థలం మెక్సికో. 1519లో స్పెయిన్ సైన్యం మెక్సికో తీరాన దిగాకే ఈ మొక్క సముద్రాలు దాటింది. అంటే, అనాదిగా మనదే అనిపించే బంతిదండ మన పండుగల్లోకి వచ్చి ఐదు వందల ఏళ్లు కూడా కాలేదు. కోడిగుడ్డు పచ్చసొన రంగు తేలాలని దాణాలో కలిపే పసుపు పదార్థాన్ని తీసేదీ ఈ రేకుల నుంచే.

చీకట్లో ఏడ్చే తల్లి

పండుగ రోజుల్లో రాత్రిపూట క్వెమాంకో రేవు నుంచి పడవలు వరసగా ఒక మడుగు దగ్గరికి వెళ్లి ఆగుతాయి. ఒడ్డున ఒక లంక మీద నాటకం ఆడతారు, చూసేవాళ్లంతా పడవల్లోనే కూర్చుంటారు. కథ 'లా యొరోనా' అనే ఏడ్చే ఆడమనిషిది. నీళ్లలో పోగొట్టుకున్న పిల్లల కోసం రాత్రుళ్లు ఏడుస్తూ తిరుగుతుందని మెక్సికోలో ప్రతి ఇంటా చెప్పుకునే కథ.

దీని వేళ్లు చాలా లోతున ఉన్నాయి. 16వ శతాబ్దంలో సహగూన్ అనే సన్యాసి అజ్టెక్ పెద్దలను అడిగి రాయించిన గ్రంథంలో, స్పెయిన్ వాళ్లు రావడానికి ముందు కనిపించిన ఎనిమిది దుశ్శకునాల గురించి ఉంది. వాటిలో ఆరోది, రాత్రివేళ తన బిడ్డల కోసం ఒక స్త్రీ ఏడ్వడం. అజ్టెక్ దేవత సివాకోవాత్ల్‌కూ ఈ ఏడుపుకూ పండితులు ముడి వేస్తారు. అందుకే ఆ నాటకంలో వినిపించేది ఒక తల్లి కడుపుకోతే కాదు, ఓడిపోయిన ఒక జాతి శోకం కూడా.

ఏరు దాటించే కుక్క

చనిపోయినవాళ్లు వైతరణి దాటాలని మన పురాణాలు చెబుతాయి. అందుకే గోదానం చేస్తాం. అజ్టెక్‌ల నమ్మకంలోనూ 'మిక్త్లాన్' అనే మృతుల లోకానికి చేరాలంటే ఒక వెడల్పాటి నది దాటాలి. వాళ్లను దాటించేది ఆవు కాదు, కుక్క. అది కూడా పసుపు రంగు కుక్కే అయ్యుండాలట. ఇప్పుడే స్నానం చేశానని తెల్ల కుక్క, ఒళ్లు మాసిందని నల్ల కుక్క తప్పించుకుంటాయని సహగూన్ గ్రంథం చెబుతుంది. ఆ ప్రయాణానికి నాలుగేళ్లు పడుతుందని నమ్మేవారు. ఒంటి మీద వెంట్రుకలు లేని షోలో జాతి కుక్కలను మెక్సికో వాళ్లు ఈ కథతోనే గుర్తుపెట్టుకుంటారు.

కాలువలో దాక్కున్న దేవుడు

కుక్క తల ఉన్న దేవుడు షోలోత్ల్ చావుకు భయపడి రూపాలు మార్చుకుంటూ పారిపోయి, చివరికి 'ఆహొలోతె' అనే నీటి ప్రాణి అయ్యాడని ఇంకో కథ. ఆ ప్రాణి నిజంగానే ఉంది. తెగిన కాలును తిరిగి పెంచుకోగలదు. పెద్దదయ్యాకా పిల్ల రూపాన్ని, మొప్పలను వదలదు. అది స్వేచ్ఛగా బతకడానికి మిగిలిన ఇల్లు సోచిమిల్కో కాలువలే. 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఉన్నట్టు లెక్క తేలింది. 2014 నాటికి అవి 36కు పడిపోయాయి. తిండి కోసం తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు వీటి గుడ్లను, పిల్లలను తినేశాయి. మురికి నీరు మిగతా పని చేసింది. 2021లో వచ్చిన 50 పెసోల నోటు మీద ఆహొలోతె బొమ్మ, వెనక చినాంపాలు ఉన్నాయి.

దీపం, నీళ్లు, ఉప్పు

ఇళ్లలో, కొన్ని పడవల్లో కూడా, 'ఒఫ్రెండా' అనే పీఠం పెడతారు. మీద పోయినవాళ్ల ఫొటోలు, కొవ్వొత్తులు ఉంటాయి. దూరం నడిచి వచ్చినవాళ్ల దాహం తీర్చడానికి గ్లాసుడు నీళ్లు, పక్కన చిటికెడు ఉప్పు, వాళ్లకు ఇష్టమైన వంటకాలు పెడతారు. మన సాంబ్రాణిలా అక్కడ 'కోపాల్' అనే చెట్టు బంకతో ధూపం వేస్తారు. 'పాన్ దె ముయెర్తో' అనే గుండ్రని తియ్య రొట్టె మీద పిండితోనే ఎముకల ఆకారాలు అతికిస్తారు. పంచదార పుర్రెల నుదుటి మీద పేర్లు రాస్తారు. తర్పణం విడిచేటప్పుడు మనం మూడు తరాల పేర్లు చెప్పుకుంటాం. వాళ్లు ఫొటో పెట్టి, పేరు పలికి పిలుస్తారు. ఈ ఆచారాన్ని యునెస్కో 2008లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

టోపీ పెట్టుకున్న అస్థిపంజరం

పడవల మీద, ముఖాల మీద కనిపించే 'కత్రీనా' అనే అస్థిపంజరం బొమ్మను మొదట చెక్కింది చిత్రకారుడు హోసె గ్వాదలూపె పొసాదా. ఎంత సింగారించుకున్నా లోపల అందరివీ ఎముకలేనని చెప్పే బొమ్మ అది. దానికి నిండు శరీరం, గౌను ఇచ్చి నిలబెట్టింది 1947 నాటి డియేగో రివేరా కుడ్యచిత్రం. పొసాదా 1913లో పేదరికంలో చనిపోయాడు. దేశమంతటికీ మృతుల బొమ్మ ఇచ్చిన మనిషికి తనదంటూ సమాధి మిగల్లేదు.

సినిమా తర్వాత వచ్చిన ఊరేగింపు

మెక్సికో నగర వీధుల్లో జరిగే భారీ మృతుల దినం ఊరేగింపు పాత ఆచారమనుకుంటారు చాలామంది. అది మొదలైంది 2016లో. అంతకు ముందు ఏడాది వచ్చిన జేమ్స్‌బాండ్ సినిమా 'స్పెక్టర్'లో అలాంటి ఊరేగింపును కల్పించి చూపించారు. దాన్ని చూశాకే నగరం నిజంగా జరపడం మొదలుపెట్టింది.

దీపాల లంక

పడవ పండుగ ఒక్క సోచిమిల్కోదే కాదు. మిచోఆకాన్ రాష్ట్రంలోని పాత్స్క్వారో సరస్సులో హనిత్సియో అనే లంక ఉంది. నవంబరు 1 రాత్రి జనం పడవల్లో అక్కడికి చేరతారు. పురేపెచా స్త్రీలు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి తెల్లవార్లూ కూర్చుంటారు. మెక్సికో నగరానికి ఆగ్నేయంలో ఉన్న మీస్కిక్ కూడా ఒకప్పటి లంక ఊరే. నవంబరు 2 సాయంత్రం అక్కడి శ్మశానం మొత్తం కొవ్వొత్తులతో వెలుగుతుంది. అదే రోజున మన ఊళ్లలోనూ క్రైస్తవ కుటుంబాలు సమాధుల పండుగ జరుపుతాయి, సమాధులు కడిగి పూలు పెట్టి దీపాలు వెలిగిస్తాయి.

నీళ్లు ఎవరివి?

సోచిమిల్కోకు ప్రాణం పోసినవి ఊటలు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆ ఊటల నీటిని గొట్టాలతో రాజధానికి మళ్లించారు. ఊటలు ఎండాయి. నగరం మురుగును శుద్ధి చేసి కాలువల్లోకి వదలడం మొదలైంది. పండుగను మోసే పడవ ఇవాళ నడుస్తున్నది ఎక్కువగా ఆ నీటి మీదే. చినాంపాలు బీడు పడుతుంటే కొన్నిటిని ఆటస్థలాలుగా మార్చేస్తున్నారు. పువ్వు పూయాలన్నా, ఆహొలోతె బతకాలన్నా, పోయినవాళ్లకు దారి పరచాలన్నా కావలసింది ఈ నీళ్లే. పండుగను వారసత్వమని జాబితాలో రాసుకుంటే సరిపోదు, కాలువలో మంచి నీరుండాలి.

వెళ్లేవాళ్లకు ఒక మాట

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు మెక్సికో పొరుగు దేశమే. నవంబరులో వెళితే స్వెటరు మరవకండి. ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి కాలువ మీద చలి గట్టిగా ఉంటుంది. పూలు చినాంపా రైతు దగ్గరే కొనండి. ఆ డబ్బే లంక బీడు పడకుండా కాపాడుతుంది. వెళ్లలేని వాళ్లు వచ్చే పెత్తర అమావాస్యకో సంక్రాంతికో బంతిపూలు తెచ్చినప్పుడు ఆ పువ్వు పుట్టింటి కథ పిల్లలకు చెప్పండి. దానితో పాటు మీ ఇంటి మూడు తరాల పేర్లు కూడా ఒక్కొక్కటిగా చెప్పి, వాళ్ల చేత పలికించండి.