నూనె తాగలేదుగా, కాలేయంలో కొవ్వెలా చేరింది?

కూల్‌డ్రింకులో నూనె చుక్క కూడా ఉండదు. మరి అది రోజూ తాగితే కాలేయానికి కొవ్వు పట్టడమేంటి? లేబుల్ చూడండి: చాలావాటిలో 250 మిల్లీలీటర్లకు దాదాపు 25 గ్రాముల చక్కెర. అందులో సగం ఫ్రక్టోజ్ అనే తీపి. దాన్ని సర్దే పని ఎక్కువగా కాలేయానిదే. మిగిలిన మీగడను అమ్మ నెయ్యి కాచి దాచినట్టు, కాలేయం మిగులు తీపిని కొవ్వుగా మార్చి దాస్తుంది. పరుగెత్తి ఆడితే ఖర్చవుతుంది, ఫోన్ పట్టుకుని కూర్చుంటే పేరుకుంటుంది. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివరే!

బొజ్జ పెరిగిన పిల్లల్లో ఇది ఎక్కువ. అలాగని వాళ్లను వెక్కిరించకండి. కొందరికి కాలేయంలో కొవ్వు చేరే గుణం పుట్టుకతోనే వస్తుంది, సన్నవాళ్లకీ ఫ్యాటీ లివర్ రావచ్చు. సాధారణంగా నొప్పి తెలియదు. మెడ వెనక ఎంత రుద్దినా పోని నలుపు కనిపిస్తే మాత్రం అది మురికి కాకపోవచ్చు, చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదేమో. ఫ్యాటీ లివర్‌కీ దానికీ దగ్గరి సంబంధం ఉంది. డాక్టరుకు చూపించమని అమ్మానాన్నలకు చెప్పండి.