ఏడు నిమిషాల ధైర్యం

'గౌరవనీయులైన అధ్యక్షులవారికీ, న్యాయనిర్ణేతలకూ, నా తోటి విద్యార్థులకూ...'

ఆగస్టు పదిహేను దగ్గరపడుతోందంటే చాలు, బళ్లో వక్తృత్వపు పోటీ హడావుడి. మాస్టారు రాసిచ్చిన రెండు పేజీల్నీ బట్టీపట్టి, అమ్మకు అప్పజెప్పి, అద్దం ముందు నాలుగుసార్లు చదువుకుని స్టేజీ ఎక్కితే... మధ్యలో ఒక్క లైను జారిపోయిందా, ఇక అంతే సంగతులు!

అసలా రెండు పేజీలే లేకపోతే? దేని గురించి మాట్లాడాలో పావుగంట ముందు దాకా తెలియకపోతే? తీరా తెలిశాక, మనకు నచ్చని వాదనే మన వాటాకొస్తే? మాట్లాడుతుండగానే ఎదుటివాళ్లు ప్రశ్నలతో అడ్డుతగిలితే?

అమ్మో అనకండి. పార్లమెంటరీ డిబేట్ అంటే అదే. మొదటిసారి మైకు పట్టేవాళ్ల కోసమే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా టోర్నమెంట్లు జరుగుతున్నాయి.

రైలెక్కే పన్లేదు

ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేటింగ్ ఛాంపియన్‌షిప్ 1981లో గ్లాస్గోలో మొదలైంది. 2014 పోటీలకు మన పక్కనున్న చెన్నై వేదికైంది. కొవిడ్‌తో కాలేజీలు మూతపడ్డాక డిబేట్లన్నీ జూమ్, డిస్కార్డ్‌లకు మారాయి. కొరియా ఆతిథ్యమిచ్చిన 2021 ప్రపంచ పోటీలు కూడా ఆన్‌లైన్‌లోనే జరిగాయి. కాలేజీలు తెరుచుకున్నా ఆ అలవాటు మాత్రం పోలేదు.

దీనివల్ల అసలైన లాభం ఎవరికి? టికెట్టుకూ బసకూ డబ్బుల్లేక ఆగిపోయే కుర్రాడికి. 'ఒక్కదానివీ అంతదూరం ఎందుకమ్మా' అని ఇంట్లో ఆపేసే అమ్మాయికి. అనుభవం లేనివాళ్లను ఈ పోటీల్లో 'నోవిస్' అంటారు. ఎవరు నోవిసో నిర్వాహకులే ముందు చెబుతారు కాబట్టి పేరు నమోదు చేసుకునేటప్పుడే నిబంధనలు చదువుకోవాలి. జోడీ దొరకలేదా? అడిగి చూడండి. ఒంటరిగా వచ్చిన మరొకరితో జతచేసే నిర్వాహకులూ ఉంటారు.

పావుగంటే టైము!

ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి. ఒక్కో డిబేట్‌లో నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు. రెండు జట్లు ప్రభుత్వ పక్షం, రెండు ప్రతిపక్షం. ఎవరు ఎటువైపో మన ఇష్టం కాదు. అంశం ప్రకటించాక సిద్ధం కావడానికి 15 నిమిషాలు. మాట్లాడటానికి ఒక్కొక్కరికీ 7 నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం ఎవరూ అడ్డురాకూడదు. మధ్యలోని 5 నిమిషాల్లో ఎదుటి పక్షం ప్రశ్న అడగొచ్చు.

అష్టావధానం చూసినవాళ్లకు ఇదేమంత వింతగా అనిపించదు. అవధానిని పక్కదారి పట్టించాలని చూసే అప్రస్తుత ప్రసంగం గుర్తుందిగా! కాకపోతే ఇక్కడ ప్రశ్న అంశం గురించే ఉండాలి, వద్దనే హక్కు వక్తకుంటుంది.

'ఎందుకు?'... 'అయితే ఏంటి?'

'బళ్లలో హోంవర్కు రద్దుచేయాలి' అన్నది అంశం అనుకోండి. మీరు ప్రభుత్వ పక్షం. 'హోంవర్కు పిల్లలకు భారం' అని ఊరుకుంటే అది అభిప్రాయమే, వాదన కాదు. ఎందుకు భారం? చదువుకున్న అమ్మానాన్నలున్న ఇంట్లో లెక్క చెప్పేవాళ్లుంటారు. రాత్రి దాకా కూలికెళ్లే వాళ్లింట్లో ఎవరుంటారు? అయితే ఏంటి? అందరికీ ఒకే బడి ఉన్నా ఇంటికెళ్లేసరికి పోటీ సమానం కాకుండా పోతుంది... ఇదీ వాదన!

అక్కడితో అయిపోలేదు. 'హోంవర్కు తీసేస్తే డబ్బున్నవాళ్లు ట్యూషన్‌కు వెళ్తారు, లేనివాళ్లకు ఆ సాధన కూడా ఉండదు' అంటుంది ప్రతిపక్షం. ఇప్పుడేమంటారు? అసలు పరీక్ష అక్కడే. ఎదుటివాళ్లు చెప్పింది సరిగ్గా విన్నవాళ్లే సరైన జవాబివ్వగలరు.

ఇంగ్లిష్ రాదేమోనన్న బెంగ చాలామందిది. న్యాయనిర్ణేతలు చూడాల్సింది వాదనలో బలమే కానీ యాసను కాదు. ప్రపంచ పోటీల్లో ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. భారీ పదాలకన్నా అర్థమయ్యే చిన్న వాక్యాలే మేలు.

ఓడినా లాభమే

నాలుగు జట్లకూ ర్యాంకులిస్తారు. మొదటి జట్టుకు 3 పాయింట్లు, తర్వాత 2, 1, ఆఖరి జట్టుకు సున్నా. తర్వాతి రౌండ్లలో దాదాపు ఒకే పాయింట్లున్నవాళ్లే తలపడతారు. అంటే, మొదటి రౌండ్లో సున్నా వచ్చినా ఆ పైన ఎదురయ్యేది మీలాంటివాళ్లే! ఫలితంతోపాటు ఎందుకు గెలిచారో, ఎక్కడ తడబడ్డారో న్యాయనిర్ణేత వివరిస్తారు. ఆ మాటలు రాసిపెట్టుకోండి. సర్టిఫికెట్‌కన్నా విలువైనవి అవే.

ఇక ఆన్‌లైన్ తిప్పలు ఉండనే ఉన్నాయి. సరిగ్గా మీ వంతొచ్చేసరికి నెట్ పోతుంది. కుక్కర్ కూత పెడుతుంది. మ్యూట్ తీయకుండానే నిమిషంపాటు గొంతు చించుకుంటారు! అందుకే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. మైకున్న ఇయర్‌ఫోన్లు, ఫోన్లో స్టాప్‌వాచ్, నాలుగు తెల్లకాగితాలు దగ్గరుంచుకోవాలి. కనెక్షన్ తెగితే ఎవరికి చెప్పాలో ముందే కనుక్కోవాలి.

మన న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలుగా చెప్పింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసమే చేసేది జల్పం. తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకునేది వితండం. ఇంట్లో, బస్సులో, వాట్సాప్ గ్రూపుల్లో మనం రోజూ చేసేది ఇందులో ఏదో ఎవరికి వారే చెప్పుకోవాలి!

నచ్చని పక్షాన నిలబడి 7 నిమిషాలు మాట్లాడి చూడండి. అవతలివాళ్లు మూర్ఖులేం కాదనీ, వాళ్లకూ ఓ కారణం ఉందనీ తెలుస్తుంది. కప్పు ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. ఈ ఎరుక మాత్రం పాల్గొన్న ప్రతి ఒక్కరిదీ.

మరింకేం... మైకు ఆన్ చేయండి!