పంతులుగారి గొంతు బొంగురుపోతే

సోమవారం ఉదయం ఖంగుమన్న గొంతు శనివారం సాయంత్రానికి జీరబోతుంది. ఆదివారం కాస్త తేరుకుంటుంది. సోమవారం నుంచి మళ్ళీ మామూలే. మీరు తెలుగో, హిందీయో, ఇంగ్లీషో చెప్పే ఉపాధ్యాయులైతే ఈ వరస మీకు కొత్త కాదు. “చల్లటి నీళ్ళు తాగాను, అందుకే” అని సరిపెట్టుకుంటారు. పాపం, చన్నీళ్ళ దోషమేమీ లేదు. ఆరు రోజులపాటు మీరు ఆ గొంతు చేత చేయించిన చాకిరీ ఫలితం అది.

చాకిరీ అని ఎందుకన్నానో లెక్క వేసి చూడండి. మెడ ముందు భాగంలో చేతికి గట్టిగా తగిలేది స్వరపేటిక. దాని లోపల రెండు మడతలుంటాయి. వాటిని స్వరతంత్రులంటారు. పేరుకు తంత్రులే గాని వీణ తీగల వంటివి కావు. కండరం మీద మెత్తని తడి పొర కప్పి ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి ఇవి రెండూ తాకుతూ విడిపోతూ ఉంటే నాదం పుడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 110 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు ఇలా తాకుతాయి. ముప్పావుగంట పీరియడులో నికరంగా 20 నిమిషాలే గొంతు పలికిందనుకున్నా, పంతులమ్మగారి స్వరతంత్రులు 2,40,000 సార్లు కొట్టుకున్నట్లు. అటువంటి పీరియడ్లు రోజుకు అయిదారు. పైగా అరిచిన కొద్దీ దెబ్బ బలంగా పడుతుంది.

పార పట్టిన చేతికి కాయలు కాసినట్లే స్వరతంత్రులకూ కాస్తాయి. మొదట వాపు వస్తుంది. అలాగే వాడుతూ పోతే, రెండు తంత్రులూ గట్టిగా తాకే చోట ఇటొకటి, అటొకటి చిన్న కాయలు ఏర్పడతాయి. ఉపాధ్యాయుల్లో, అందులోనూ ఆడవారిలో ఇవి ఎక్కువ. ఇవి క్యాన్సరు కావు, క్యాన్సరుగా మారవు. ఆపరేషను తప్పదేమోనని హడలిపోనక్కరలేదు. మాట్లాడే పద్ధతి సరిచేసుకుంటే చాలామందికి తగ్గిపోతాయి. పద్ధతి మార్చుకోకుండా ఆపరేషను ఒక్కటే చేయించుకుంటే మళ్ళీ కాస్తాయి.

లెక్కల మేష్టారు బోర్డు మీద లెక్క వేసి “చేసుకోండర్రా” అని ఊపిరి పీల్చుకోవచ్చు. భాష చెప్పేవారికి ఆ వెసులుబాటు తక్కువ. వాచకం చదవాలి, ఒత్తులు సరిగ్గా పలికి చూపాలి, ఉక్తలేఖనం చెప్పాలి, పద్యం రాగం తీసి వినిపించాలి. బడిలో ప్రార్థన నుంచి వార్షికోత్సవం దాకా మైకు లేని సభ ఏది జరిగినా “తెలుగు మేష్టారినే మాట్లాడమనండి” అంటారు.

పద్యం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. సీసపద్యం పాదం ఎంత పొడుగో మీకు నేను చెప్పాలా! దాన్ని ఒక్క గుక్కలో చదవడం ఘనత అని కొందరి పట్టుదల. చివరి అక్షరాలకు వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. అప్పుడు మెడ నరాలు తేలేలా గొంతు బిగబట్టి లాగుతారు. స్వరతంత్రులకు అసలు దెబ్బ అక్కడే. సంస్కృతంలో యతి అంటే ఆగవలసిన చోటు. తెలుగువారు దాన్ని అక్షరమైత్రిగా మార్చుకున్నారు. ఛందస్సు విషయంలో నాకు నోరెత్తే అర్హత లేదు గాని, ఊపిరి విషయంలో మాత్రం సంస్కృతం వారి యతే నాకిష్టం. సీసపాదాన్ని మధ్యకు విరిచి, పొట్ట ఉబ్బేలా గాలి తీసుకొని, రెండో సగం చదవండి. పద్యం అందం ఏమీ చెడదు. శ్రుతి కూడా నాటకాల హార్మోనియం స్థాయిలో ఎత్తుకోవద్దు. మీరు మామూలుగా మాట్లాడే స్థాయికి దగ్గరగా మొదలుపెట్టండి.

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లో వివరించాడు. తరగతి గదిలో జరిగేదీ ఇదే. ఫ్యాను గరగర, పక్క గది పాఠం, వీధిలో పత్తి లోడు లారీ, వెనక బెంచీ కబుర్లు. వాటన్నిటి మీదా గెలవాలని మీరు అరుస్తారు. పిల్లలు ఇంకొంచెం అరుస్తారు. ఈ పందెంలో మీరు గెలవలేరు. బల్ల మీద స్కేలుతో రెండు దెబ్బలు వేయండి, చప్పట్లు కొట్టండి, లేదా మాట ఆపి ఊరకే నిలబడండి. దూరపు పిల్లవాణ్ణి కేకేసే బదులు వాడి దగ్గరకు నడవండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దు. పాఠం రెండోసారి చదివే పని పిల్లలకు అప్పగించండి. వాళ్ళకూ నోరు తిరుగుతుంది.

వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా (1895–1971) మూకీ సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చెప్పారు. తరువాత గుంటూరులో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. 1957 నుంచి 1959 దాకా మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. మూడూ నోటి మాట మీద ఆధారపడిన పనులే. మొదటి రెండింట్లో వెనక వరుస దాకా గొంతే చేరాలి. మూడోదాంట్లో ఆ బరువు మైకు మోస్తుంది. ఇప్పుడు నడుముకు కట్టుకునే చిన్న మైకు పెట్టెలు దొరుకుతున్నాయి. గొంతు దెబ్బతిన్న ఉపాధ్యాయులకు వీటివల్ల మేలు జరిగినట్లు పరిశోధనల్లో తేలింది. పిల్లలు నవ్వుతారని సిగ్గుపడకండి. రెండు రోజులు నవ్వి మానేస్తారు.

ఇక మన ప్రాంతపు ఇబ్బంది ఒకటుంది. గుంటూరు మిర్చి యార్డుకు కాయ ముమ్మరంగా వచ్చేది మాఘం నుంచి ఎండాకాలం దాకా. పల్లెల్లో కల్లాల నిండా మిరపకాయ ఎండుతూ ఉంటుంది. సరిగ్గా అదే సమయంలో పదో తరగతి పరీక్షలు దగ్గరపడి, పొద్దునా సాయంత్రమూ అదనపు క్లాసులు పెడతారు. మిరప ఘాటులోని క్యాప్సైసిన్ అనే పదార్థం గొంతులోని నరాల కొసలను రేపి దగ్గు తెప్పిస్తుంది. ఒక్కో దగ్గుకూ స్వరతంత్రులు ఒకదాన్నొకటి మొత్తుకుంటాయి. అలసిన గొంతుకు ఇది మరో దెబ్బ. బడి పక్కన కల్లమున్నా, జిన్నింగు మిల్లున్నా గాలి వాలు చూసి అటువైపు కిటికీలు మూయండి. దారిలో ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. ఆ రెండు నెలలూ వరసగా మూడు పీరియడ్లు పడకుండా టైంటేబులు సర్దమని హెడ్మాస్టరుగారిని అడగండి. అడిగితేనే గదా తెలిసేది.

నీళ్ళ మాట. స్వరతంత్రుల మీది పొర తడిగా ఉంటేనే రాపిడి తగ్గుతుంది. అందుకని బడి వేళల్లో తరచు గుక్కెడు నీళ్ళు తాగమంటాను. “బాగానే చెప్పారు గాని డాక్టరుగారూ, మా బడిలో మరుగుదొడ్డి ఏదీ?” అంటారు పంతులమ్మలు. ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టకుండా గడిపేవారు ఎందరో. గొంతుకే కాదు, మూత్రకోశానికీ అది చేటు. ఈ ముక్క చదివే పాఠశాల యాజమాన్యాలు బడి గోడకు రంగులు వేయించే ముందు ఆ పని చూడాలి.

ఇంటి వైద్యాల గురించి అడుగుతారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి గొంతు తడుస్తుంది, మంచిదే. మిరియాల పాలు హాయిగా ఉంటాయి. అతిమధురం మాత్రం రోజూ నమిలితే రక్తపోటు పెరగవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. మింగినదేదీ స్వరతంత్రులను తాకదు. తాకితే పొలమారి ఉక్కిరిబిక్కిరి అవుతారు. ఉప్పునీళ్ళ పుక్కిలింత కూడా అంత లోతుకు పోదు. ఆవిరి పోతుంది. నాలుగు మాటలు ఆడనివ్వకుండా పట్టేసిన గొంతుకు రెండు మూడు రోజుల మౌనం కూడా మంచి మందే. గుసగుసలు మౌనం కిందికి రావు, వాటితోనూ గొంతు బిగుసుకుంటుంది. జలుబుతో వచ్చిన బొంగురుకు షాపులో అడిగి యాంటీబయాటిక్కులు మింగవద్దు. అది చాలావరకు వైరస్ వల్ల వచ్చేది, దానిమీద అవి పనిచేయవు.

పొద్దున లేవగానే గొంతు బొంగురుగా ఉండి, మాటిమాటికీ సకిలించాలనిపిస్తుంటే, రాత్రి భోజనం సంగతి ఆలోచించండి. తొమ్మిదిన్నరకు గొడ్డుకారం కలుపుకు తిని పదికి పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకెగదన్ని స్వరపేటికను రేపవచ్చు. గుంటూరు, ఒంగోలు వాళ్ళను కారం మానమనే ధైర్యం నాకు లేదు. రాత్రిపూట తగ్గించండి, తిన్నాక రెండు మూడు గంటలకు గాని పడుకోకండి.

ఇంతవరకూ చెప్పింది అలసిన గొంతు గురించి. దాని గుర్తు, విశ్రాంతి ఇస్తే తేరుకోవడం. ఆదివారమైనా, దసరా సెలవులైనా తేరుకోని బొంగురు వేరు. చుట్టో సిగరెట్టో అలవాటున్న వారైతే మరీ జాగ్రత్త. పొగాకు పండే జిల్లాల వాళ్ళం, ఈ మాట చెప్పక తప్పదు. నా దగ్గరకు వచ్చిన ఒక తెలుగు పండితుడు నాలుగు నెలలు కరక్కాయతో కాలక్షేపం చేశారు. “పాఠాలు చెప్పేవాడికి గొంతు రాసుకోక ఏమవుతుంది” అని ఆయన వాదన. చూస్తే ఒక తంత్రి మీద క్యాన్సరు పుండు. అదృష్టం, ఇంకా పక్కకు పాకలేదు. రేడియేషను చికిత్సతో నయమైంది. స్వరతంత్రి మీది క్యాన్సరుకు ఒక మంచి గుణం, గొంతు మార్చి ముందే చాటి చెబుతుంది. తొలిదశలో పట్టుకుంటే నూటికి తొంభై మంది దాకా బాగుపడతారు. కాబట్టి బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరు చేత చూపించుకోండి. మింగితే నొప్పి, మెడలో గడ్డ, కళ్ళెలో రక్తం ఉంటే మూడు వారాలు కూడా ఆగవద్దు. ఊపిరి తీస్తే చప్పుడవుతుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రెండు వారాలకు పైబడిన దగ్గు కూడా ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

పరీక్షకు భయపడనక్కరలేదు. స్వరతంత్రులు కదలడాన్ని 1854లో అద్దం సాయంతో తన గొంతులోనే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా డాక్టరు కాదు, సంగీతం పంతులు. పళ్ళ డాక్టర్ల చిన్న అద్దమూ, చేతి అద్దమూ, ఎండ వెలుగూ ఆయన పరికరాలు. ఇప్పుడు సన్నటి గొట్టంతో నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, తెర మీద మీరూ చూడవచ్చు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఉబ్బసానికి పీల్చే మందుతో సహా, వెంట తీసుకెళ్ళండి. థైరాయిడ్ జబ్బుందా, మెడకు ఎప్పుడైనా ఆపరేషను అయిందా, రోజుకు ఎన్ని పీరియడ్లు చెబుతున్నారు, ఇంటి దగ్గర ట్యూషన్లున్నాయా, ఇవి డాక్టరు అడగకపోయినా చెప్పండి.