నల్‌ని ఫ్రీ చేస్తే కొంప మునగదు

సి భాషలో రాసిన పాత ప్రోగ్రాముల్లో, తీసుకున్న మెమరీని తిరిగి ఇచ్చేసే ప్రతి ఫ్రీ ముందూ ఒక ఇఫ్ కాపలా కాస్తుంటుంది. పాయింటర్ నల్ కాకపోతేనే లోపలికి పంపుతుంది. కొత్తగా చేరినవాళ్లూ అదే చూసి రాస్తారు, ఎందుకని ఎవరూ అడగరు.

అపోహ: నల్‌ని ఫ్రీకి ఇస్తే ప్రోగ్రామ్ కూలిపోతుంది.

వాస్తవం: కూలదు. నల్ వస్తే ఫ్రీ ఏమీ చెయ్యకూడదని 1989 నాటి ఆన్సీ ప్రమాణమే తేల్చేసింది. అంతకుముందు కొన్ని లైబ్రరీలు నిజంగానే కూలేవి. ఆ భయమే ఇప్పటికీ అలవాటుగా మిగిలింది. సి++లో డిలీట్‌దీ, లినక్స్ కెర్నెల్‌లో కేఫ్రీదీ ఇదే పద్ధతి. కెర్నెల్‌లో ఇలాంటి దండగ ఇఫ్‌లను ఏరిపారెయ్యడానికి కాక్సినెల్ అనే పనిముట్టుకు ప్రత్యేకంగా ఒక స్క్రిప్టే ఉంది!

అపోహ: అయితే ఏది మూసినా, ఏది వదిలినా నల్‌తో భయం లేదు.

వాస్తవం: ఫైల్‌ని మూసే ఎఫ్‌క్లోజ్‌కి నల్ ఇస్తే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. అక్కడ ఇఫ్ ఉండాల్సిందే.

అపోహ: ఫ్రీ చేశాక పాయింటర్ దానంతట అదే నల్ అవుతుంది.

వాస్తవం: అసలు ప్రమాదమంతా ఇక్కడుంది. ఫ్రీకి మనం ఇచ్చేది చిరునామా నకలు మాత్రమే కాబట్టి మన పాయింటర్‌ని అది మార్చలేదు. మెమరీ పోయినా పాత చిరునామా అలాగే కూర్చుని ఉంటుంది. అది నల్ కాదు గనుక మన కాపలా ఇఫ్ రెండోసారి కూడా దర్జాగా దారి వదులుతుంది. ఆ దెబ్బకి హీప్ లెక్కలు చెడతాయి. 2019లో వచ్చిన సి లైబ్రరీ గ్లిబ్‌సి 2.29 ఇలాంటి రెండోసారి ఫ్రీలను చాలావరకు పట్టుకుని ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది, కానీ అన్నిటినీ కాదు. ఫ్రీ చేసిన వెంటనే పాయింటర్‌లో నల్ వేసుకోవడం మంచి అలవాటే. కాకపోతే అదే చిరునామా ఇంకో స్ట్రక్చర్‌లో దాగి ఉంటే ఆ నకలుకి ఈ సంగతి తెలియదు.

అపోహ: మెమరీ పరిమాణం మార్చే రీయాలక్ నల్ ఇచ్చిందంటే పాత మెమరీ కూడా పోయినట్టే.

వాస్తవం: చోటు దొరక్క నల్ ఇస్తే పాత మెమరీ చెక్కుచెదరదు. ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేస్తే పోయేది దాని చిరునామా. తర్వాత ఫ్రీ పిలిచినా దానికి అందేది నల్ కాబట్టి కిమ్మనదు, లీకు సంగతి బయటపడదు. ఫలితాన్ని వేరే పాయింటర్‌లో పట్టుకుని, నల్ కాదని చూసుకున్నాకే పాతదాంట్లో వెయ్యాలి. ఆ ఫ్రీల ముందు నుంచి తీసేసిన ఇఫ్‌లలో ఒకటి ఇక్కడ పెట్టుకోవచ్చు.